అమ్మానాన్నలతో పాంపేకి వెళ్తున్నారా? గైడును పెట్టుకోండి

"సమ్మర్‌లో అమ్మానాన్న వస్తున్నారు. పాంపేకి గైడు తప్పనిసరా, ఫోన్‌లో ఆడియో పెట్టుకుంటే చాలదా?" ఇటలీకి కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచూ అడిగేదిదే. మీరొక్కరే అయితే ఆడియో చాలు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం గైడు ఉండాల్సిందే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ఆ ఊరి విస్తీర్ణం సుమారు 66 హెక్టార్లు. చెప్పేవాళ్లు లేకపోతే గంట తిరక్కముందే నాన్నగారు "అన్నీ మొండిగోడలేగా, ఇంక పోదాం పద" అంటారు.

మంచి గైడైతే నడివీధిలో ఎత్తుగా పరిచిన రాళ్ల దగ్గర ఆపుతారు. వాననీళ్లూ మురుగూ వీధిలోనే పారేవి కాబట్టి జనం ఆ రాళ్ల మీద అడుగులేసి అవతలికి దాటేవారు. బండి చక్రాలు వాటి సందుల్లోంచి పోయేవి. ఆ చక్రాలు ఒరిసి ఒరిసి పడ్డ గాడులు రాతి మీద ఇప్పటికీ ఉన్నాయి. రొట్టెల బట్టీలో లావా రాతి తిరగళ్లను మన గానుగెద్దుల్లా గాడిదలు తిప్పేవి. అమ్మకు బాగా నచ్చేది అదే, చూడండి. ఇక పోతపోసిన మనుషుల రూపాలు చూస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి. గట్టిపడిన బూడిదలో శవాలు కుళ్లి ఖాళీ మిగిలింది. అందులో ప్లాస్టర్ పోసే పద్ధతిని 1863లో అక్కడి తవ్వకాల అధికారి ఫియొరెల్లి మొదలుపెట్టారు. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

స్టేషన్ బయట "టికెట్లు ఇక్కడే, గైడు ఇక్కడే" అని పిలిచేవాళ్లను పట్టించుకోకండి. లైసెన్సు కార్డు చూపించమంటే అసలు గైడు ఏమీ అనుకోరు. గుంపు టూర్ చవకే గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందుకోలేరు. సొంతంగా మాట్లాడుకుంటే మీరు తెలుగులో చెప్పేదాకా గైడు ఆగుతారు. ఆ మాట ముందే అనుకోండి. అత్తమామలతో వెళ్తుంటే మరో మాట కూడా గైడు చెవిన వేయండి. లుపనార్ అనే వేశ్యాగృహం గోడల మీద ఉన్న బొమ్మలు మనవాళ్ల ముందు చూసేవి కావు. దారి మార్చి తీసుకెళ్తారు.

టికెట్లు పేరు మీదే ఇస్తారు, రోజుకు 20,000 మందికే ప్రవేశం. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. నేపుల్స్ నుంచి వెళ్లే లోకల్ ట్రైన్‌లో జేబులు జాగ్రత్త. నెలలో మొదటి ఆదివారం ఉచితమే, కానీ ఆ రద్దీలో పెద్దవాళ్లను తిప్పలేం.

మర్నాడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంకు వెళ్లండి. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికిన, జానెడు పైచిలుకు ఎత్తున్న భారతీయ దంతపు బొమ్మ అక్కడిదే. లక్ష్మి అని పేరు పడింది గానీ యక్షిణి అనేవాళ్లే ఎక్కువ. శాతవాహనుల కాలపు దక్కన్ పనితనమని చాలామంది పండితుల అభిప్రాయం. మ్యూజియంకు మంగళవారం సెలవు. కాబట్టి పాంపేకి సోమవారం పెట్టుకోకండి.