రెండున్నరేళ్ల బాబుకి మాటలు రాలేదు, ఆటిజం కావచ్చన్నారు. ఇంకొన్నాళ్లు ఆగి చూడొచ్చా?

పిలిస్తే తిరగడు, డాక్టర్ ఆటిజం అనుమానం అన్నారు, అత్తగారేమో "మగపిల్లలకి మాటలు ఆలస్యమే, మూడేళ్లు నిండనీ" అంటున్నారు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు అని రాశారు. ఆగొద్దండీ. మేం ఆగాం. మా అత్తయ్యదీ అదే మాట, పైగా "వీళ్ల నాన్నకీ నాలుగేళ్లకే వచ్చాయి" అని సాక్ష్యం. పది నెలలు అలా పోయాయి.

ఆటిజం అని కాగితం మీద రాసిచ్చేదాకా థెరపీ మొదలుపెట్టకూడదని రూలేం లేదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. చాలా జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల ఎదుగుదలలో తేడాలు చూసి థెరపీ ఇచ్చే డీఈఐసీ అనే సెంటర్ ఉంటుంది, ఉచితం. హైదరాబాద్ దగ్గరైతే బోయిన్‌పల్లిలో ఎన్‌ఐఈపీఐడీ అని, ఇలాంటి పిల్లల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దాని పాత పేరు ఎన్‌ఐఎంహెచ్, ఆటోవాళ్లకి ఆ పేరే చెప్పి చూడండి.

మొదట్లో నేను ఇంటిని బడి చేసేశాను. పొద్దున లేస్తే ఫ్లాష్ కార్డులే. వాడు కార్డు చూస్తే మంచం కిందికి దూరేవాడు, నేను అరిచేదాన్ని, తర్వాత ఏడ్చేదాన్ని. వాడికి టిఫిన్ పెడుతుంటే ఒకసారి స్పీచ్ థెరపిస్ట్ చూసి, "వాడు అడిగేలోపే పెట్టేస్తున్నారు కదమ్మా" అంది. అప్పట్నుంచి దోసె ముక్కలు చేసి, ఒకటి పెట్టి, రెండోది నా మొహం దగ్గర పట్టుకుని "ఇంకా?" అని ఐదు లెక్కపెట్టేదాన్ని. వాడు నా వైపు చూడకుండా నా చెయ్యి లాక్కునేవాడు. దోసెలు చల్లారి అప్పడాలయ్యేవి. పదకొండో రోజు తలెత్తి చూశాడు. "కా" అనడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. రోజూ సెంటర్లో ఉండేది నలభై అయిదు నిమిషాలే, మిగతా రోజంతా మన దగ్గరేగా.

ఆర్నెల్లలో మామూలు చేసేస్తాం అని అడ్వాన్స్ అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, ఒకచోట మేం కట్టి పోగొట్టుకున్నాం. స్టెమ్ సెల్ చికిత్స అంటే అసలు వద్దు. ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ వచ్చాక నిరామయ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమాకి అప్లై చేయండి, ఏడాదికి లక్ష వరకు వస్తుంది, థెరపీకీ కొంత ఇస్తారు.

ఇక మీ నిద్ర. ఆదివారం పొద్దున బాబుని మా ఆయనకి అప్పగించి పదింటిదాకా పడుకునేదాన్ని. ఇల్లు ఎలా ఉన్నా సరే. అత్తయ్యతో వాదించడం మానేసి ఒకరోజు థెరపీకి తీసుకెళ్లాను. ఆవిడ అక్కడేం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వాడితో "బూ" ఆట మొదలుపెట్టింది, వాడు కొంగు లాగేదాకా ఆగుతూ.