హెబియస్ కార్పస్ ఒకసారి కొట్టేస్తే మళ్ళీ వేయొచ్చా?

మీ అన్నయ్య మీద పీడీ యాక్ట్ (విచారణ లేకుండానే ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం) పెట్టారు, హైకోర్టులో వేసిన హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని వేసే పిటిషన్) కొట్టేశారు, రెండోసారి వేయాలంటే పైకోర్టు అనుమతి కావాలా అని అడిగారు. ఆ అనుమతి పద్ధతి అమెరికాది. 1996లో వచ్చిన చట్టం వల్ల అక్కడి ఖైదీ రెండో పిటిషన్ వేయాలంటే ముందు అప్పీల్స్ కోర్టు ఒప్పుకోవాలి. మన దగ్గర అది లేదు.

నేను లాయర్ని కాను. మా తమ్ముడి కోసం రెండుసార్లు వేశాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

మొదటిది కొట్టేసిన రోజు మా లాయరు "ఎలాగూ 12 నెలలు దాటి ఉంచలేరు, ఓపిక పట్టండమ్మా" అన్నారు. తరవాతి ములాఖత్‌లో తమ్ముడు మాటల మధ్యలో "అక్కా, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నా, ఇంతవరకూ జవాబు లేదు" అన్నాడు. మా పిటిషన్‌లో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. లాయరు అడగలేదు, చెప్పాలని మాకు తెలీదు. ఇంటికొచ్చి కాగితాల కట్టంతా నేలమీద పరిచి వెతికితే అర్జీ నకలు దొరికింది. దాని మీద జైలువాళ్ళ ఊదారంగు ముద్ర, సగం చెరిగిపోయినా తేదీ మాత్రం కనబడుతోంది. రాజ్యాంగం 22(5) అధికరణం డిటెన్యూకి (అంటే నిర్బంధంలో ఉన్న మనిషికి) అర్జీ పెట్టుకునే హక్కు ఇచ్చింది, దాన్ని ఆలస్యం లేకుండా తేల్చాలి. ఆ ముద్రతోనే రెండో పిటిషన్ వేశాం. తమ్ముడు బయటికొచ్చాడు.

పాత వాదనే మళ్ళీ తీసుకెళ్తే హైకోర్టు వినదు. కొత్త గ్రౌండ్ (నిర్బంధం చెల్లదనడానికి కారణం) ఉంటే వినాలి. మొదటిసారే చెప్పగలిగి ఉండీ చెప్పని గ్రౌండ్ అయినా సరే, రెండో పిటిషన్‌కి అది అడ్డు కాదని 1980లో లల్లూభాయ్ జోగీభాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ లాయరుకి ఈ కేసు పేరు తప్పకుండా చెప్పండి. హైకోర్టు కాదన్నా 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టులో పిటిషన్ వేసుకోవచ్చని 1966లోనే గులాం సర్వర్ కేసులో చెప్పారు.

అలాగని ఏది పడితే అది వేయకండి. చెప్పాల్సినవన్నీ చెప్పినా తీర్పు తప్పుగా వచ్చిందనిపిస్తే 136వ అధికరణం కింద సుప్రీంకోర్టులో ఎస్సెల్పీ (ప్రత్యేక అనుమతి పిటిషన్) వేయండి, గడువు 90 రోజులు. చెప్పకుండా మిగిలిపోయింది ఏదైనా ఉంటే మళ్ళీ హైకోర్టుకే వెళ్ళండి. రెండో పిటిషన్‌లో మొదటిదాని నంబరు రాసి, కొట్టేసిన ఉత్తర్వు జతచేయండి. దాస్తే మీమీద నమ్మకం పోతుంది. మీ అన్నయ్య మీదున్న పాత కేసుల్లో బెయిలు వచ్చిందో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే పీడీ ఉత్తర్వు రద్దయినా రిమాండులోనే ఉంటాడు.

ఈసారి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు కొత్త గ్రౌండ్ దొరుకుతుందేమో మీ అన్నయ్యని అడగండి: ఇచ్చిన కాగితాలు తనకొచ్చిన భాషలో ఉన్నాయా, జిరాక్సుల్లో అక్షరాలు కనబడుతున్నాయా, అర్జీ ఏ తేదీన ఇచ్చాడు, జవాబు ఎప్పుడొచ్చింది. తేదీలు అక్కడే కాగితం మీద రాసుకోండి.