పడమటి గోడ సంగతి ముందు చూడండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అయిదు సెంట్లలో ఉన్న పాత పెంకుటిల్లు తీసేసి డాబా కట్టుకుంటున్నాం. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో వచ్చింది. దానికి పడమట పెద్ద అద్దాల కిటికీ, మూడు గదులకూ ఏసీలు పెట్టుకోమని కాంట్రాక్టర్ అంటున్నారు. మా అత్తగారేమో పెంకుటింట్లో ఫ్యాను లేకపోయినా నిద్ర పట్టేదని దిగులు పడుతున్నారు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: మీ అత్తగారి మాట నిజమేనమ్మా. పెంకు పలచన. ఎండకు కాగినా పొద్దుగూకాక తొందరగా చల్లారిపోతుంది. లోపలి వేడిగాలి పెంకుల సందుల్లోంచి పైకి పోతుంది. చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి గోడకు ఎండ పెద్దగా తగలదు. అయిదంగుళాల స్లాబు అలా కాదు, పగలంతా పీల్చిన వేడిని రాత్రి మన మీదికి వదులుతుంది.

ఇరవై ఏళ్ల కిందట కాకినాడలో మా ఇల్లు కట్టినప్పుడు నైరుతి గదికి నేనూ పడమట కిటికీ పెట్టించాను. మే నెలలో రాత్రి పదింటికి ఆ గోడ మీద చెయ్యి వేస్తే, జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్లు ముట్టుకున్నట్టుండేది. అమ్మ మంచాన్ని గోడకు దూరంగా, గది మధ్యకు లాక్కుని పడుకునేది. అప్పటి నుంచి ఎవరు ప్లాను తెచ్చినా ముందు పడమటి గోడే చూస్తాను.

మీ పడకగదిని మార్చక్కర్లేదు. మెట్లు పడమటి గోడ బయట వేయించండి. వాస్తు చూసేవాళ్లు కూడా పడమటి మెట్లకు సాధారణంగా అడ్డు చెప్పరు. మిగిలిన గోడకు లోపల బీరువాలు పెట్టుకోండి. పడమటి ఎండ ఏటవాలుగా కొడుతుంది, రెండడుగుల సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. అటు చిన్న కిటికీ చాలు, దానికి బయట తడిక కట్టండి. కర్టెన్ లోపల వేస్తే లాభం తక్కువ, అప్పటికే వేడి అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. స్థలం ఉంటే ఒక వేపచెట్టు నాటండి.

ఇక గాలి. అనంతపురం, కర్నూలు వైపు మందపాటి గోడలు, మట్టి మిద్దెలు బాగా పనిచేస్తాయి. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, రాత్రికి చల్లబడుతుంది. మన కోనసీమలో రాత్రి కూడా ఉక్కే. చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. సాయంత్రం సముద్రపు గాలి వచ్చే ఆగ్నేయం, దక్షిణం వైపు కిటికీలు పెట్టి, వాటి అడుగు మంచం ఎత్తుకు దింపండి. గాలి బయటికి పోవడానికి ఎదురుగా కూడా ఒకటి ఉండాలి, పోయే దారి లేకపోతే అది లోపలికే రాదు. స్లైడింగ్ వద్దు, సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ చేయించండి. దోమల మెష్ కొంత గాలిని ఆపేస్తుంది కాబట్టి, కిటికీ అనుకున్నదానికన్నా కాస్త పెద్దదే పెట్టండి.

ఇవన్నీ చేశాక ఏసీ ఒక్క గదికి చాలు. ఫ్యాను వేసుకుని ఏసీ 26లో ఉంచితే హాయిగా నిద్ర పడుతుంది. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగితే, కరెంటు తక్కువ తాగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. ముందు వీటికి ఖర్చు పెట్టండి.

ప్రశ్న: విజయవాడలో పై వాటాలో అద్దెకుంటున్నాం. స్లాబు సెగకు పిల్లలు నిద్రపోవడం లేదు. ఇల్లు మనది కాదు, ఏం చేయగలం?

జవాబు: మే మొదట్లో మీ ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఎండంతా స్లాబు మీదే. ఇంటివాళ్లను అడిగి పైన ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసం ఒక విధానమే తెచ్చింది. అంత ఖర్చు పెట్టలేమంటే మార్చిలో రెండు పూతలు సున్నం కొట్టించండి. వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే. వేసే ముందు స్లాబును బాగా ఊడ్చి కడగండి. దుమ్ము మీద వేస్తే పొరలుగా లేచిపోతుంది.