కాలి బొటనవేలి గోరు కండలోకి దిగితే ఇంట్లో ఏం చేయవచ్చు, ఎక్కడ ఆగాలి?

ఎడమ కాలి బొటనవేలి గోరు ఒక అంచున ఐదు రోజులుగా కండలోకి గుచ్చుకుంటోందనీ, పక్కన ఎర్రబడి వాచిందే తప్ప చీము ఇంకా పట్టలేదనీ, ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు రోజూ బండి మీద బూట్లతో వెళ్లక తప్పదనీ, వచ్చే ఆదివారం దగ్గరి బంధువుల పెళ్లి కూడా ఉందనీ రాశారు. ఇంట్లోనే నొప్పి తగ్గించుకోవచ్చా, ఆ మూలను మీరే కత్తిరించేసుకోవచ్చా అని అడిగారు. మీకు షుగరు లేకపోతే, చీము పట్టనంతవరకు, మొదటిది చేయవచ్చు. రెండోది మాత్రం చేయకండి. నేను వైద్యుణ్ణి కాను. రెండు కాళ్లకూ ఈ బాధ పడ్డవాణ్ణి. కుడి కాలికి చేయకూడనివన్నీ చేసి, కొన్నేళ్ల తరువాత ఎడమ కాలికి వచ్చినప్పుడు బుద్ధిగా నడుచుకున్నాను కనుక రెండింటికీ ఉన్న తేడా చెప్పగలను.

కుడి కాలికి వచ్చినప్పుడు మీకు ఇప్పుడు తోచినదే నాకూ తోచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం స్నానం చేసి వచ్చి, గోరు మెత్తబడి ఉండగానే నెయిల్ కట్టర్ మొన మూలలోకి దూర్చి, పళ్లు బిగబట్టి, నూక గింజంత ముక్క పీకేశాను. చెప్పొద్దూ, ఆ సాయంత్రం ప్రాణం లేచి వచ్చినట్టయింది. అసలు చిక్కంతా ఆ హాయిలోనే ఉంది, ఎందుకంటే మూడు వారాలు తిరగకుండానే నొప్పి రెట్టింపై వచ్చింది, నేను మళ్లీ అదే పని చేశాను. కట్టర్ ఎంత లోపలికి పెట్టినా గోరు అంచు చిట్టచివరి వరకు అందదు. అక్కడ కంటికి కనపడని చిన్న ముల్లు ఒకటి మిగిలిపోతుంది. పైన గోరు లేకపోవడంతో పక్కనున్న కండ ఆ ఖాళీలోకి ఉబికి వచ్చి దాన్ని కప్పేస్తుంది. గోరు పెరిగేది మొదలు నుంచి ముందుకు కాబట్టి, వారం వారం ఆ ముల్లు కండలోకి ఇంకాస్త దిగుతూనే ఉంటుంది. గోరు మధ్యలో వి ఆకారపు గంటు పెడితే అంచులు కండను వదిలి మధ్యకు జరుగుతాయని మా ఆఫీసులో ఒకరు చెబితే అదీ చేసి చూశాను. మొదట్లో పుట్టే గోరుకు చివర పెట్టిన గంటుతో సంబంధం ఏమీ ఉండదని ఆలోచించి ఉంటే ఆ శ్రమ తప్పేది.

రెండోసారి తవ్విన తరువాత చీము పట్టింది. మా వీధి చివర మందుల దుకాణంలో వేలు చూపిస్తే, చీటీ ఏదీ లేకుండానే, ఐదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. వేసుకున్నన్నాళ్లు వాపు తగ్గింది, మాత్రలు అయిపోయిన వారానికి మళ్లీ మొదటికి వచ్చింది. ముల్లు లోపలే ఉండగా పుండు ఎలా మానుతుంది? మా అమ్మ దీన్ని గోరుచుట్టు అనుకుని, చేతి వేలికి తొడిగినట్టే కాలి వేలికి నిమ్మకాయ తొడగబోయింది. అది వేలికి పట్టకపోవడం నా అదృష్టం. గోరుచుట్టు అంటే గోరు చుట్టూ చర్మానికి చీము పట్టడం, ఇది గోరే కండను కోయడం. రెండోది ముదిరితే మొదటిదీ తోడవుతుంది గానీ రెండూ ఒకటి కావు. చర్మం చిట్లిన చోట నిమ్మరసం మంట పెట్టడమే తప్ప ముల్లును కదపలేదు. పసుపు, సున్నం కలిపి పట్టు వేయమనే వారు కూడా ఉంటారు, సున్నం పచ్చిపుండును కాలుస్తుంది కాబట్టి ఆ జోలికి వెళ్లకండి.

ఎడమ కాలికి వచ్చినప్పుడు మొదటి రోజే గుర్తుపట్టాను. దాని కారణం గుర్తుపట్టడానికి మాత్రం రెండు రోజులు పట్టింది, మీరు కూడా బండి మీదే వెళ్తున్నారు కనుక ఇది వివరంగా రాస్తున్నాను. మోటార్‌సైకిలుకు గేరు మార్చేది ఎడమ కాలితో. చాలా బండ్లలో పై గేరుకు వెళ్లాలంటే బొటనవేలి పైభాగంతో ఆ కడ్డీని పైకి ఎత్తుతాం, అంటే గోరు సరిగ్గా బూటు తోలుకూ కడ్డీకీ మధ్య పడి నలుగుతుంది. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్, బేగంపేట మీదుగా మాదాపూర్ చేరేలోపు సిగ్నళ్ల దగ్గర ఎన్నిసార్లు గేరు మారుస్తామో ఒక్కరోజు లెక్కపెట్టుకుని చూడండి. నేను రెండు వారాలు బండిని ఇంట్లో పెట్టి మెట్రోలో వెళ్లాను. ఉప్పల్‌లో ఎక్కితే ఆ రైలే నేరుగా హైటెక్ సిటీ దాకా వెళ్తుంది, మధ్యలో మారే పని లేదు. వేలికి చేసిన సేవలన్నింటికంటే ఈ ఒక్క మార్పే నాకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. రద్దీ వేళల్లో మాత్రం తలుపు దగ్గర నిలబడకండి, ఎవరైనా ఒక్కసారి తొక్కితే పడిన పాట్లన్నీ వృథా అవుతాయి.

ఇక ఇంట్లో చేసినవి. పాదం మునిగే టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి, లీటరుకు ఒక టీస్పూను చొప్పున మామూలు ఉప్పు కలిపి, పదిహేను నిమిషాల పాటు కాలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రోజుకు మూడు నాలుగు సార్లు చేస్తే మంచిది. నాకు ఆఫీసు రోజుల్లో ఉదయం ఒకసారి, రాత్రి రెండుసార్లు కుదిరేది. ఎప్సమ్ సాల్టే కావాలని ఏమీ లేదు. నీళ్లు చేతికి హాయిగా ఉండాలి, కాలకూడదు. నానడం వల్ల గోరు, పక్క చర్మం మెత్తబడి ఒత్తిడి సడలుతుంది. ఆ తరువాత పొడిగా తుడవకపోతే నానిన చర్మంలోకి గోరు మరింత సులువుగా దిగుతుంది. వేళ్ల సందుల్లో కూడా మెత్తటి గుడ్డతో అద్ది, ఐదు నిమిషాలు ఫ్యాను కింద ఆరనివ్వండి. వానాకాలంలో తడిసిన సాక్సులతోనే సాయంత్రం దాకా కూర్చోవడం ఇందుకే ప్రమాదం. నేను బ్యాగులో ఒక జత అదనంగా పెట్టుకునేవాణ్ణి.

రాత్రి నానబెట్టిన తరువాత దూది పెట్టే పని ఒకటి ఉంది, దీనికి కొంచెం ఓపిక కావాలి. మెడికల్ షాపులో దొరికే దూది నుంచి ఒక్క పోగు తీసి, దీపం వత్తి కంటే బాగా సన్నగా, దారం లావున చేతివేళ్లతో నులమాలి (పూజకు వాడే దూది మాత్రం వద్దు, అది అంత శుభ్రంగా ఉండదు). ఉబ్బిన కండను రెండో చేతి వేలితో పక్కకు లాగి పట్టుకుని, గోరు మూల కిందకు ఆ వత్తి కొసను మెల్లగా జరపాలి. మొదటి రోజు ఒక మిల్లీమీటరు కూడా వెళ్లదు, వెళ్లకపోయినా ఫర్వాలేదు, బలవంతంగా తోయకూడదు. రోజూ పాతది తీసేసి కొత్తది పెడుతూ ఉంటే, నాలుగో రోజుకో ఐదో రోజుకో అంచు కింద అది నిలబడుతుంది, గోరుకూ కండకూ మధ్య చిన్న ఎడం ఏర్పడుతుంది. ఆ రోజు బూటు తొడిగినప్పుడు చురుక్కుమనదు, మీకే తెలుస్తుంది. చీము ఉన్నా, తాకితే రక్తం వస్తున్నా దూది పెట్టకండి.

దూది పెట్టడానికి భయపడేవారికి టేపు పద్ధతి ఉంది. పేపరు టేపు సన్నగా కత్తిరించి, ఒక కొస గోరును ఆనుకుని ఉబ్బిన కండ మీద అంటించి, ఆ కండ గోరు నుంచి దూరంగా జరిగేట్టు లాగుతూ, వేలి కింది నుంచి ఏటవాలుగా తిప్పి రెండో కొసను అంటించాలి. వేలి చుట్టూ పూర్తి చుట్టుగా బిగిస్తే రక్తం ఆడదు కనుక అలా చుట్టకూడదు. చెమటకు ఊడుతుంది, రోజూ మార్చాలి. నేను పగలు టేపు, రాత్రి దూది వాడాను.

నొప్పికి రాత్రిపూట 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మూడు రోజులు వేసుకున్నాను, ఆ తరువాత అవసరం రాలేదు. ఐబుప్రోఫెన్ కూడా పనిచేస్తుంది గానీ కడుపులో పుండు, కిడ్నీ సమస్య, బీపీ మందులు ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. గోరు పక్కన పలుచగా పెట్రోలియం జెల్లీ రాస్తే రాపిడి తగ్గుతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ముందు భాగం తెరిచి ఉన్న చెప్పులే వేసుకోండి.

నొప్పి వారంలోపే తగ్గినా, ఇది వారంలో తీరే వ్యవహారం కాదు. కాలి గోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చేతి గోరు పెరిగే వేగంలో సగమే. లోపల ఇరుక్కున్న మూల కండను దాటి బయటకు రావడానికి నాకు దాదాపు రెండున్నర నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆ మూలను కత్తిరించకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే అన్నింటికంటే కష్టమైన పని. బయటపడ్డాక గోరును అడ్డంగా, తిన్నగా, మూలలు కనిపించేటట్టు, వేలి కొసతో సమానంగా ఉండేలా కత్తిరించుకుంటున్నాను. మొనలు గుచ్చుకుంటే ఆకురాయితో కొద్దిగా అరగదీస్తాను.

ఇంటి వైద్యం ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ షుగరు ఉంటే, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేకపోతే, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే, పైన రాసినవేవీ చేయకుండా నేరుగా వైద్యుడికి చూపించాలి. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగరు. ఒకసారి ఆయన గోరు పక్కన చీము పట్టిన సంగతి తెల్ల సాక్సుకు అంటిన మరక చూసి నేను కనిపెట్టాను గానీ ఆయనకు నొప్పే తెలియలేదు. వేడి కూడా తెలియదు కాబట్టి అలాంటివారు వేడి నీళ్లలో కాలు పెడితే బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. షుగరు లేనివారైనా, మూడు నాలుగు రోజులు ఇవన్నీ చేసినా నొప్పి పెరుగుతూ ఉంటే, చీము వస్తే, గోరు మీదికి ఎర్రటి కండ పెరిగితే ఆగకుండా వెళ్లాలి; ఎరుపు పాదం పైకి పాకితే, జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి.

కుడి కాలికి చివరికి నేను వెళ్లింది ఒక జనరల్ సర్జన్ దగ్గరకు. వేలి మొదట్లో రెండు వైపులా మత్తు సూదులు వేశారు, నిజంగా నొప్పి పుట్టింది ఆ రెండు సూదుల దగ్గరే. తరువాత గోరు పక్క అంచును సన్నటి పట్టీలా మొదలంటా తీసేసి, ఆ పట్టీ పుట్టే చోట మళ్లీ మొలవకుండా ఫినాల్ అనే రసాయనం అద్దారు (నేల కడిగే ఫినాయిలు అనుకుని నేనూ కంగారుపడ్డాను, అది కాదు). ఫినాల్ వాడకుండా గోరు తీసి ఊరుకుంటే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువని చెప్పారు. అరగంటలోపు పని అయిపోయింది, మూడో రోజు చెప్పులతో ఆఫీసుకు వెళ్లాను, రెండు వారాల పాటు కొద్దిగా రసి కారింది. ఇప్పుడు ఆ గోరు రెండో దానికంటే కాస్త సన్నగా ఉంటుంది తప్ప మళ్లీ ఏ బాధా లేదు. ఎనిమిది నెలలు తవ్వుకుంటూ కూర్చోకుండా రెండో నెలలోనే వెళ్లి ఉండవలసిందని తరువాత అనుకున్నాను.

బూట్ల సంగతి ఒకటి మిగిలింది. తెల్ల కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఆ గీత మీద మీ ఆఫీసు బూటు పెట్టి చూడండి. గీత బూటు బయటకు కనిపిస్తే ఆ బూటే మీ శత్రువు. కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి కాబట్టి సరైన కొలత తెలుస్తుంది. ఆదివారం పెళ్లికి మాత్రం పంచె కట్టుకుని చెప్పులతో వెళ్లండి, ఎలాగూ మండపం దగ్గర విడిచేవే. అక్షింతలు వేయడానికి ఎగబడే గుంపులో వట్టికాళ్లతో దూరకుండా, జనం కాస్త పలచబడ్డాక వెళ్లి వేసి రండి.