పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జిరాక్స్ కాగితం మీద సొంత పత్రిక

ప్రశ్న: మేము డిగ్రీ చదువుతున్న మిత్రులం. మా కథలు, బొమ్మలు కలిపి ఒక జీన్ (zine – సొంతంగా చేసుకునే చిరు సంచిక) తేవాలని ఉంది. పత్రికకూ దీనికీ తేడా ఏమిటి? ప్రెస్సుకు ఇచ్చుకునే స్తోమత లేని మాకు ఇది సాధ్యమేనా?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: నిస్సందేహంగా సాధ్యమే. పత్రిక నిలబడాలంటే చందాలు, ప్రకటనలు, తేదీ తప్పని సంచికలు కావాలి. రాసినవారే బొమ్మలు వేసి, కత్తిరించి, అతికించి, నకళ్ళు తీయించి, చేతి నుంచి చేతికి పంచుకునే జీన్‌కు వాటితో పని లేదు. 1976లో లండన్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉన్న మార్క్ పెర్రీ అనే యువకుడు పంక్ అనే రాక్ సంగీత ధోరణి మీద తన అభిప్రాయాలను టైపు చేసి, శీర్షికలను స్కెచ్ పెన్నుతో గీసి, 'స్నిఫిన్ గ్లూ' పేరిట జిరాక్స్ తీయించి పంచాడు. దానికి ఆదరణ బాగా పెరిగినా మరుసటి ఏడాదే ఆపేశాడు. ఆపే స్వేచ్ఛ కూడా జీన్‌లో భాగమేనని మా అభిప్రాయం.

మన జిల్లాకు సొంత గొంతు కొత్త కాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం పాలనలో, 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి 'నీలగిరి' వారపత్రికను నడిపారు. అది ప్రెస్సులో అచ్చయిన వార్తాపత్రిక కనుక జీన్ అనడం సరికాదు. బడులలోనూ గ్రంథాలయాలలోనూ తెచ్చిన లిఖిత పత్రికలు, స్టెన్సిల్ మీద రాసి నకళ్ళు తీసిన సైక్లోస్టైల్ కాగితాలు మీ ప్రయత్నానికి ఎక్కువ దగ్గరి చుట్టాలు.

మొదటి సంచికకు ఒక్క ఎ4 కాగితం చాలు. దానిని ఎనిమిది గడులుగా మడిచి, నడిమి మడత మీద మధ్యలోని రెండు గడుల మేర మాత్రమే కత్తిరించి, నిలువుగా నిలిపి లోపలికి నొక్కితే ఎనిమిది పుటల పుస్తకం అవుతుంది. ముద్రణ ఒకవైపే కనుక ఖర్చు సగం. పై వరుసలోని పుటలు తలకిందులుగా ఉండాలి కాబట్టి ముందు తెల్లకాగితంతో నమూనా మడిచి, పుటల అంకెలు వేసుకోండి. జిరాక్స్ యంత్రం అంచుల దగ్గర కొద్ది మేర వదిలేస్తుంది, ఏ అక్షరాన్నీ చివరిదాకా తోయకండి. తెలుగుకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది: పెద్దగా రాసిన పుటను తగ్గించి తీస్తే వత్తులు నల్లటి మచ్చలుగా మూసుకుపోతాయి, గుడి, గుడిదీర్ఘం ఒకటిగా కనిపిస్తాయి. అందుచేత అచ్చయ్యే సైజులోనే, నల్ల జెల్ పెన్నుతో, వరుసల మధ్య వత్తుకు చోటు వదిలి రాయండి. పెన్సిలు నీడలు నకలులో వెలిసిపోతాయి. వాటికి బదులు గీతలతో, చుక్కలతో నీడ తేవాలి. ఇరవై ప్రతులతో మొదలుపెట్టండి.

ప్రశ్న: ఇలాంటి వాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: 1867 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి ప్రెస్, పీరియాడికల్స్ రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. నిర్ణీత వ్యవధిలో వెలువడుతూ ప్రజా వార్తలు, వాటిపై వ్యాఖ్యలు ప్రచురించే ముద్రిత పత్రికలు దాని పరిధిలోకి వస్తాయి, పుస్తకాలు రావు. ఒక్కసారి తెచ్చే కథల, బొమ్మల జీన్‌కు ఆ అవసరం కనిపించదు. నెలనెలా స్థానిక వార్తలు వేయదలిస్తే మాత్రం ముందుగా న్యాయవాదిని అడగండి. పేరు లేకుండా వేసినంత మాత్రాన పరువునష్టం బాధ్యత తప్పదు, దినపత్రికలోంచి కత్తిరించిన ఫొటోకు కాపీరైటు పోదు.

ప్రశ్న: అమ్మాలా, ఉచితంగా పంచాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: జిరాక్స్ ఖర్చు వచ్చేంత ధర పెట్టండి, లేదా ఇంకొకరి జీన్‌తో మార్చుకోండి. ఉచితంగా గుట్టగా పెడితే చాలా ప్రతులు బజ్జీల పొట్లాలవుతాయి. రెండు మూడు ప్రతులు మాత్రం జిల్లా గ్రంథాలయంలో ఇచ్చి రండి.