అర ఎకరం కూరగాయలు: ఒకేసారి కాదు, విడతలుగా వేయండి

ప్రశ్న: మాకు అర ఎకరం పొలం, బోరు ఉన్నాయి. పోయినసారి మొత్తం టమాట వేశాం. కాపు బాగానే వచ్చింది కానీ అందరి పంటా ఒకేసారి దిగి ధర పడిపోయింది. అప్పు చేయకుండా వారం వారం డబ్బు చేతికొచ్చేలా కూరగాయలు ఎలా వేసుకోవాలి?
– ఓ మహిళా రైతు

జవాబు: అమ్మా, మీ సేద్యంలో లోపమేమీ లేదు. 50 సెంట్లూ ఒకే పంటతో ఒకేసారి నింపడమే చిక్కు తెచ్చింది.

ముందు ఆకుకూరతో మొదలుపెట్టండి. పెట్టుబడి తక్కువ, డబ్బు త్వరగా తిరుగుతుంది. 10 సెంట్లను నాలుగు మళ్లు చేసి, వారానికో మడిలో తోటకూర చల్లండి. 25-30 రోజుల్లో కోతకొస్తుంది కాబట్టి నాలుగో మడి చల్లిన మరుసటి వారానికి మొదటిది అందుతుంది. విత్తనం బాగా సన్నం, ఇసుక కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు.

మరో 20 సెంట్లలో బెండ వేయండి. అదీ రెండు విడతలుగా, 20 రోజుల తేడాతో. సుమారు 45 రోజులకు తొలి కోత. చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఇంకో రెండు రోజులాగితే బరువు తూగుతుంది కదా అని కాయను చెట్టు మీదే ఉంచేస్తారు. కాయ కొనను వేలితో వంచి చూడండి. టక్కున విరిగితే లేతది, విరగకుండా వంగిపోతే పీచు పట్టినట్టే. పైగా ముదురు కాయలు ఉంటే కొత్త పూత తగ్గుతుంది. ఇంట్లో పెళ్లున్నా సరే, రోజు విడిచి రోజు కోయాల్సిందే.

మిగతా 20 సెంట్లలో టమాట మానొద్దు. 25 రోజుల నారును మూడు వారాల ఎడంతో రెండుసార్లు నాటండి. దూరం పంపే కాయను అడుగున లేత ఎరుపు తిరగగానే కోయాలి. దగ్గర్లో అమ్మేదైతే ఎర్రబడనివ్వండి.

పొద్దున్నే కోసి నీడలో పోయండి, ఆకుకూర మీద తడి గోనె కప్పండి. పుచ్చు, గాయాల కాయలు ముందే ఏరేయండి. నాలుగు పాడు కాయలు కనిపిస్తే కొనేవాడు గంప మొత్తానికీ ధర తగ్గిస్తాడు. వేరే కూరగాయలు పండించే ఇద్దరు ముగ్గురితో కలిసి ఒకే బండి మాట్లాడుకుంటే కిరాయి భారం తగ్గుతుంది, ఇంటి దగ్గరే తూకం వేసి రాసుకోండి.

కోతలు సాగేటప్పుడు మందు కొట్టాల్సి వస్తే ముందు కాయ కోసేసి, ఆ తర్వాతే కొట్టండి. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటేదాకా మళ్లీ కోయకండి. మీ ఇంటికి వండుకునేదైనా అంతే.