60 × 90 అంగుళాల బొంతకు ఎన్ని ముక్కలు కావాలి?

60ని, 90ని 5తో భాగించి 5 అంగుళాల చదరపు ముక్కలు 216 కుట్టాను, అయినా బొంత చిన్నదైంది, ఎందుకని అడిగారు. లెక్క తప్పలేదండీ, మార్జిన్ (కుట్టు కోసం వదిలే అంచు) మర్చిపోయారు. 5 అంగుళాల ముక్కకు నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులో పోతుంది, పైకి కనిపించేది నాలుగున్నరే. అందుకే 12 × 18 వరసల్లో మీరు కుట్టిన 216 ముక్కలు 54 × 81 దగ్గర ఆగిపోయాయి.

కోసిన కొలతతో కాకుండా నాలుగున్నరతో భాగించండి. పొడవు 90కి 20 వరసలు. వెడల్పు 60కి 13 చాలవు (58.5 వస్తుంది), 14 వేసుకోండి. మొత్తం 280, చివరి కొలత 63 × 90. కుట్టింది విప్పొద్దు, ఇంకో 64 చాలు. రంగులు మార్చుకోడానికి, పాడయ్యేవాటికి ఓ పాతిక ఎక్కువ కోయండి.

80 సెంటీమీటర్ల జాకెట్ ముక్కలో, పన్నా (బట్ట వెడల్పు) 44 అంగుళాలు ఉంటే, 8 × 6 చొప్పున 48 వస్తాయి. అంటే రెండు జాకెట్ ముక్కలతో మీ పని అయిపోతుంది. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోనో సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో దొరుకుతాయి. టైలర్ దగ్గరి పీలికలైతే తూకం చూసి మురిసిపోకండి. చంక దగ్గర వంపు తిరిగిన ముక్క ఎంత పెద్దదైనా ఒక్క చదరం రావడం కష్టం. 5 అంగుళాల అట్ట పెట్టి చూసి, పట్టినవే లెక్కేయండి.

కొత్త కాటన్ తడిపి ఆరేశాకే కోయాలి. మిషన్ మీద అలవాటుగా అర అంగుళం మార్జిన్ పట్టారంటే, 14 ముక్కల వరసకు 13 కుట్లు, ఒక్కో కుట్టుకు ఇంకో అర అంగుళం చొప్పున ఆరున్నర అంగుళాలు మాయం! ముందు మూడు ముక్కలు కలిపి కొలవండి: మధ్య ముక్క సరిగ్గా నాలుగున్నర రావాలి.